ఇంట్లో మూడో గుండె

గుండెగంట మోగే వేళకు సువర్చల పెనం మీద పెసరట్టు తిరగేస్తోంది. పెళ్లయిన ఈ మూడు నెలల్లో చిరక్కుండా తిరిగిన మొదటి అట్టు అది. అంచులు ఎర్రగా కాలి, అల్లం ముక్కలు అక్కడక్కడా మెరుస్తుంటే, పళ్లెంలోకి తీయడానికి మనసొప్పక దాన్ని అలాగే చూస్తూ నిలబడింది.

"శుభవార్త," అంది గంట, నడిగది కప్పు మీంచి. "ఈ ఇంట్లో మూడో గుండె వినిపిస్తోంది. చిన్నది. చురుగ్గా కొట్టుకుంటోంది. సువర్చల గారికీ మురారి గారికీ నాడీభవనం తరఫున అభినందనలు."

అట్టు జారి పొయ్యి గట్టు మీద పడింది.

స్నానాల గదిలోంచి మురారి ఒక చెంపకు సబ్బు నురుగుతో పరిగెత్తుకొచ్చాడు. "ఏమంది? మళ్లీ చెప్పమను!"

"మీరే అడగండి. నాకు నోరు రావట్లేదు."

గంట మళ్లీ చెప్పింది. ఇంకోసారి కూడా చెప్పించుకున్నాడు మురారి. ఆ తర్వాత భార్యను ఎత్తి గిరగిరా తిప్పబోయి, మధ్యలో ఏదో గుర్తొచ్చినవాడిలా, గాజు సామాను దించినట్టు మెల్లగా దించాడు. నురుగు ఆమె ముక్కుకు అంటుకుంది. దాన్ని తుడుచుకోవాలని కూడా ఆమెకు తోచలేదు.

గుండెగంట అంటే అరచేతి వెడల్పు బిళ్ల. ఇంటింటి కప్పుకూ ఒకటి ఉంటుంది. కంటికి కనిపించని అలల్ని ఇల్లంతా పరుస్తూ ఉంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మనిషి ఒంట్లో వెంట్రుకవాసి కదలిక ఉంటుంది కదా, ఆ కదలికకు తగిలి తిరిగొచ్చిన అలను చదువుకుని ఎవరి గుండె ఎలా ఉందో చెబుతుంది. అది వచ్చాక, ఇంట్లో ఒంటరిగా కుప్పకూలి ఎవరికీ తెలియకుండా పోయే ప్రాణాలు లేకుండా పోయాయి. గుండె తడబడిన మరుక్షణం వైద్యబండి గుమ్మంలో ఉంటుంది.

అయితే అలకు ఇరుగూ పొరుగూ తెలియవు. తొలిరోజుల్లో పైవాటా తాతగారి దడ కిందివాటాలో మోగేది. ఎదురింటి కొత్త కోడలి గుండె ఎవరు వస్తే వేగం పెరుగుతుందో వీధంతా లెక్కలు వేసేది. కాపురాలు విరిగాయి, తలలు పగిలాయి. అప్పుడొచ్చింది కవచచట్టం. ఇక మీదట ఎవరి గుండె వాళ్లింట్లోనే మోగాలి. వాటాకీ వాటాకీ మధ్య గోడల్లో సన్నటి రాగిజాలి పరిచారు. కిటికీలకు లోహపు పూత, పరదాలకు రాగిపోగు వచ్చాయి. తలుపు మూస్తే ఏ సందూ మిగలకుండా, దాని అంచు చుట్టూ స్ప్రింగులా వంగే రాగివేళ్లు అమర్చారు. గాలి కోసం తేనెపట్టు లాంటి గూళ్లు పెట్టారు. వాటి కన్నాలు అల కంటే ఇరుకు కాబట్టి గాలి దూరుతుంది, అల దూరదు. పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం కంటే ముందు "మీ ఇంటి కవచం ఎలాంటిదండీ?" అని అడిగే రోజులొచ్చాయి.

కాకినాడలో అలాంటి కవచాలను పరీక్షించే ప్రయోగశాలలోనే సువర్చలకు ఉద్యోగం. మురారి పనిచేసేది ఓడరేవులో.

వార్త ఆ ఇద్దరి దగ్గరే ఆగలేదు. గంటలో పేర్లు నమోదైన బంధువలయానికి దానంతటదే వెళ్లిపోయింది. నురుగు ఆరేలోపే సామర్లకోట నుంచి సువర్చల తల్లి వర్ధనమ్మ ఫోన్ చేసింది.

"ఒసేయ్, నేను ఎల్లుండి వచ్చేస్తున్నా. బరువులెత్తకు. బొప్పాయి ముట్టుకోకు. అల్లుడుగారేరీ, పక్కనే ఉన్నారా? ఆయన్ని కూడా ఎత్తనివ్వకు."

"ఆయన్ని నేనెందుకు ఎత్తుతానమ్మా!"

"నీ సంగతి నాకు తెలీదా."

ఊళ్లోని గంటలన్నిటినీ నడిపే సర్కారు కార్యాలయం, నాడీభవనం నుంచి కూడా కబురొచ్చింది. ఎల్లుండి పది గంటలకు ప్రతినిధి ఇంటికొచ్చి, గంట కింద పావుగంట కూర్చుని, చిన్న గుండెను విని జననపత్రానికి తొలిముద్ర వేసి వెళతాడు. చేత్తో పట్టి చూసే అలవాటు వైద్యంలోంచి ఎప్పుడో పోయింది. గంట చెప్పిందే కడుపు, గంట చెప్పిందే కాన్పు.

అందరూ నమ్మారు, సువర్చల తప్ప. పోయిన వారమే ఆమెకు నెలసరి వచ్చి వెళ్లింది.

ఆ మాట మురారితో అనాలని రెండుసార్లు నోటిదాకా తెచ్చుకుంది. అతను చొక్కా తిరగేసి తొడుక్కుని, ఈల వేస్తూ, పాడైపోయిన అట్టునే "అద్భుతం" అంటూ తింటున్నాడు. ఎలా చెబుతుంది?

తలుపు తీసేసరికి వరండాలో కనకదుర్గ గారు నిలబడి ఉన్నారు. ఈ అంతస్తులో ఎవరింట్లో ఏం జరిగినా గంట కంటే ముందు ఆవిడకే తెలుస్తుందని మురారి అంటూ ఉంటాడు.

"శుభమమ్మా, శుభం! మీ అమ్మ ఇప్పుడే నాకు ఫోన్ చేసింది. ఒక్క మాట చెబుతా, ఏమనుకోకు." ఆవిడ గొంతు తగ్గించి పక్కవాటా వైపు కళ్లు తిప్పింది. "ఆ మౌనపు ఇంటి వైపు ఎక్కువ తిరగకు. గంట పీకించుకుని, నాలుగు గోడలకీ రాగిపూత కొట్టించుకుని కూర్చుందంటే ఏదో దాస్తున్నట్టే కదా? దాచుకునేది లేని మనిషికి అంత కవచం దేనికీ అని!"

నిజమే, గంట వద్దనుకునే హక్కు చట్టంలో ఉంది. కానీ దాన్ని వాడుకున్నవాళ్లను ఎవరూ మంచిగా చూడరు. పక్కవాటాలో భ్రమరాంబ అనే ఆవిడ మూడు నెలల కిందట దిగింది. భర్త ఓడ మీద ఇంజనీరు, ఎప్పుడో గానీ రాడట. ఆవిడ బయటికి రావడం ఎవరూ పెద్దగా చూడలేదు.

కనకదుర్గ గారు ఆ మాట అంటుండగానే పక్కవాటా తలుపు బెత్తెడు తెరుచుకుంది. లోపల ఎవరో ఈ మాటలే వింటున్నట్టు అలికిడైంది. సువర్చల తల తిప్పగానే రాగివేళ్లు కీచుమని తలుపు మూసుకుంది.

సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ సువర్చల మందుల షాపులో పరీక్షపట్టీ కొంది. ఇంటికొచ్చి చూసుకుంది. ఒకటే గీత. ఇంకో పట్టీ చూసింది. అదీ ఒకటే గీత. రెండింటినీ కాగితంలో చుట్టి చెత్తబుట్టలో అడుగున పెట్టి, పైన ఉల్లిపొట్టు కప్పింది.

గంట అబద్ధం చెప్పదు. తన ఒళ్లూ అబద్ధం చెప్పదు. మరి మధ్యలో ఎవరు అబద్ధం చెబుతున్నట్టు?

ఆ అనుమానం మనసులో పడ్డాక మురారి కూడా కొత్తగా కనిపించడం మొదలుపెట్టాడు. సామాన్ల గది తలుపు ఎప్పుడూ బార్లా తెరిచి ఉండేది, ఇప్పుడు దానికి తాళం. "తాళం ఎందుకండీ?" అంటే "ఎలకలు" అన్నాడు. ఎలకలకు తాళం వేసే మనిషిని ఆమె ఇంతవరకు చూడలేదు. పెళ్లికి ముందు పిన్ని ఒకావిడ "అబ్బాయి మరీ ఇంత మంచివాడేంటే, అదే నా అనుమానం" అంటే అందరితో పాటు పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది తను. ఇప్పుడు ఆ మాటకు నవ్వు రావడం లేదు.

మర్నాడు మధ్యాహ్నం ప్రయోగశాలలో కొత్త కవచగుడ్డ పరీక్ష జరుగుతోంది. ఇటువైపు అలను ఊదే కొమ్ము, అటువైపు దాన్ని పట్టే కొమ్ము, మధ్యలో చట్రానికి బిగించిన గుడ్డ. అటువైపు ఎంత తక్కువ చేరితే గుడ్డ అంత గట్టిది. మామూలుగా ఆ పనంటే ఆమెకు ప్రాణం. రాగిపోగు వెలుతురులో నారింజ రంగుకు తిరుగుతుంటే పెళ్లిచీర అంచులా ఉందని మురిసిపోయేది. ఆ రోజు కళ్లు గుడ్డ మీద ఉన్నా మనసు ఇంటి దగ్గర ఉంది. ఉండబట్టలేక ఫోన్ తీసి ఇంటి గంటను అడిగింది.

"ఇంట్లో ఎవరున్నారు?"

"రెండు గుండెలు ఉన్నాయి," అంది గంట. "ఒకటి మురారి గారిది. రెండోది చిన్నది."

సువర్చల చెయ్యి తెలియకుండానే పొట్ట మీదకు వెళ్లింది. తనిక్కడ ఉంది. చిన్న గుండె తనదే అయితే అదీ ఇక్కడే ఉండాలి. ఊరికి ఆ చివరనున్న ఇంట్లో, తను లేకుండా, అది ఎవరి ఒంట్లో కొట్టుకుంటోంది?

పైగా ఈ వేళప్పుడు మురారి ఇంట్లో ఏం చేస్తున్నాడు?

"ఆయన గుండె ఎలా ఉంది?"

"మామూలు కంటే వేగంగా ఉంది."

ఆమె భర్తకు ఫోన్ చేసింది. "ఎక్కడున్నారు?"

"ఇంకెక్కడ? రేవులోనే. క్రేను కింద నిలబడ్డాను. ఎండ మాడ్చేస్తోందనుకో."

అతని గొంతు వెనక క్రేను చప్పుడు లేదు. ఓడ కూత లేదు. తిరిగినప్పుడల్లా కిర్రుమనే ఫ్యాను చప్పుడు మాత్రం ఉంది. ఆ కిర్రు ఎవరింటి ఫ్యానుదో ఆమెకు బాగా తెలుసు. దాన్ని బాగుచేయించొద్దని, అది తమ ఇంటి పిచుక అని ముద్దుగా బతిమాలింది తనే.

"సరేనండీ, ఎండలో ఉండకండి," అని ఫోన్ పెట్టేసి, చోదకుడు లేని ఆటో ఎక్కేసింది. దారంతా ఒకటే ఆలోచన. చిన్న గుండె. గబగబా కొట్టుకునే గుండె. పిల్లా? పిల్లి అయితే బాగుండునని మొక్కుకుంది. పిల్లి అయితే క్షమించేస్తుంది. పిల్ల అయితే ఎవరి పిల్ల?

తాళంచెవి మెల్లగా తిప్పింది గానీ రాగివేళ్లు కీచుమననే అన్నాయి. నడిగదిలో మురారి ఉలిక్కిపడి లేచాడు. బనియను నిండా రంపపు పొట్టు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"క్రేను ఇంట్లోకి ఎప్పుడొచ్చిందండీ?" అంది సువర్చల.

"అది... తలనొప్పిగా ఉంటే..."

"ఎవరది?"

"ఎవరెవరు?"

ఆమె పడకగదిలోకి నడిచింది. మంచం కిందికి వంగి చూసింది. బీరువా తెరిచింది. బట్టలబుట్ట ఎత్తి చూసింది. మురారి ఆమె వెనకే తిరుగుతూ, "ఏం పోయింది? నాకు చెబితే నేనూ వెతుకుతా కదా!" అంటున్నాడు.

"ఇంట్లో ఎన్ని గుండెలు?" అని పైకి చూసి గట్టిగా అడిగింది.

"మూడు," అంది గంట.

"అదే కదా మరి," మురారి ముఖం విప్పారింది. "నేను, నువ్వు, మనవాడు."

"నేను రాకముందు రెండున్నాయండీ! మీదొకటి, మీవాడిదొకటి. నేను ఆఫీసులో ఉన్నాను. నన్ను వదిలేసి వాడొక్కడే ఆటో ఎక్కి ఇంటికొచ్చాడా?"

మురారి వేళ్లు మడిచి లెక్క పెట్టుకున్నాడు. ఇంకోసారి పెట్టుకున్నాడు. లెక్క తేలేకొద్దీ అతని ముఖంలో రంగు పోయింది. "అమ్మో," అన్నాడు చివరికి. "అయితే ఈ ఇంట్లో నాతోపాటు ఎవరున్నారే?"

ఆ భయం నటన కాదని ఆమెకు తెలిసిపోయింది. అనుమానం సగం దిగింది. "ముందు సామాన్ల గది తియ్యండి," అంది.

లోపల పాత టేకు బల్ల ఉంది. సగం నున్నగా అరగదీసి, నాలుగు మూలలా కన్నాలు వేసి ఉంది.

"ఉయ్యాలబల్ల," అన్నాడు మురారి తల దించుకుని. "పెళ్లిచూపుల్లో నువ్వన్నావు కదా, ఇంట్లో ఉయ్యాల ఉంటే సాయంత్రాలు కాఫీ తాగుతూ ఊగొచ్చని. పాత సామాన్ల షాపులో దొరికింది. పూర్తయ్యాక చూపిద్దామని సెలవు పెట్టి..."

సువర్చలకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ మాట తను అన్నట్టు తనకే గుర్తులేదు. బల్ల మీద చెయ్యి వేసి నిమిరింది. అప్పుడే ఆమె లోపలి పరీక్షకురాలికి మెలకువ వచ్చింది. "దీన్ని దేనికి తగిలిస్తారు?"

"పడకగదిలో గోడకీ గోడకీ మధ్య గొలుసులతో. ఒక బోల్టు బిగించేశాను. మొన్న, నువ్వు బజారుకు వెళ్లినప్పుడు." అతను పడకగదిలోకి నడిచి, పక్కవాటా వైపు గోడ మీది పటం పక్కకు జరిపాడు. వేలంత లావు ఇనుప బోల్టు, దాని కొసన కొక్కెం. "పంచుకున్న గోడకు కన్నం పెడితే కవచభంగమని తెలుసు. అందుకే చెప్పలేదు. కానీ ఎంత జాగ్రత్తగా పెట్టానో చూడు! రాగిజాలికి తగిలి తుప్పు పడుతుందేమోనని చుట్టూ ప్లాస్టిక్ తొడుగు కూడా వేశాను."

సువర్చల నుదురు కొట్టుకుంది. "ఆ తొడుగే కొంప ముంచిందండీ!"

"అదేంటి?"

"ఉత్త బోల్టు అయితే జాలికి గట్టిగా తగులుకునేది. దాని మీదకొచ్చిన అల జాలిలోకి జారిపోయి అక్కడే చచ్చేది. మీరు తొడుగేసి దాన్ని జాలికి అంటకుండా నిలబెట్టారు. ఇప్పుడది ఏరియల్. అటు కొసతో పట్టుకుని ఇటు కొసతో వదులుతుంది."

సంచిలోంచి చేతి పరికరం తీసింది. స్రావశోధిని అని దాని పేరు. అల కారే సందు దొరికితే కుయ్యిమంటుంది కాబట్టి ప్రయోగశాలలో అందరూ దాన్ని కుక్కపిల్ల అంటారు. తలుపు దగ్గర అది నిద్రపోతున్నట్టే ఉంది. కిటికీ దగ్గర చిన్నగా మూలిగింది. కొక్కెం దగ్గరికి తీసుకెళ్లగానే కుయ్యోమొర్రోమని ఏడవడం మొదలుపెట్టింది.

"అటువైపున్న మనిషి గుండె కూడా వినిపించాలి కదా మరి?" అన్నాడు మురారి. "గంట చిన్నదొక్కటే చెప్పిందేం?"

"గోడలకు కొట్టుకుని అల తిరిగొస్తూ ఉంటుంది కదండీ. మన గుండెలే రెండు మూడుగా వినిపిస్తాయి. అందుకని పీలగా వినిపించే పెద్ద గుండెను ప్రతిధ్వని అనుకుని వదిలెయ్యమని గంటకు నేర్పారు. చిన్న గుండెను వదిలెయ్యమని ఎవరూ నేర్పలేదు. అది గోడ దాటి వస్తుందని ఎవరనుకుంటారు?"

చెబుతూ చెబుతూ ఆగిపోయింది. మాట పూర్తయ్యాకే దాని అర్థం ఇద్దరికీ తగిలింది. మురారి మంచం మీద కూర్చున్నాడు.

"అంటే మనకి..."

"లేదండీ."

"నీకు ముందే తెలుసా?"

"నిన్న సాయంత్రం పట్టీ చూసుకున్నాను."

"చెప్పలేదేం?"

"మీరు చొక్కా తిరగేసి తొడుక్కుని ఈల వేస్తున్నారు. ఎలా చెప్పమంటారు?"

లేని బిడ్డ కోసం ఏడవడం సబబో కాదో ఆమెకు తేలలేదు. కళ్లు మాత్రం ఆ సంగతి అడగలేదు. మురారి ఆమె చెయ్యి తీసుకుని తన రంపపు పొట్టు చేతుల మధ్య పెట్టుకున్నాడు.

కొంతసేపటికి అతనే తేరుకుని గోడ వైపు చూశాడు. "అయితే ఆ మౌనపు ఇంట్లో పసిగుండె ఉందన్నమాట. ఎవరికీ చెప్పకుండా, నాలుగు గోడలకూ రాగి కొట్టించి దాచిందన్నమాట. ఎవరి పిల్లనైనా ఎత్తుకొచ్చిందేమో! నాడీభవనానికి చెప్పేద్దాం. మనకు జరిమానా పడితే పడనీ."

సువర్చలకూ ఆ అనుమానం తగిలింది. నిన్న బెత్తెడు తెరుచుకుని మూసుకున్న తలుపు కళ్ల ముందు మెదిలింది. అయినా ఇప్పటిదాకా బట్టలబుట్టలో పిల్లను వెతికిన మనిషి తను. "మిమ్మల్ని కూడా ఇందాక అలాగే అనుకున్నాను," అంది లేస్తూ. "ముందు అడిగి చూస్తాను."

పక్కవాటా తలుపు మీద చాలాసేపు కొట్టాక బెత్తెడు తెరుచుకుంది. సందులోంచి నలభైకి దగ్గరపడిన ముఖం కనిపించింది. పాపిటలో నెరిసిన పాయ, నిద్రలేని కళ్లు.

"ఏం కావాలి?"

"పక్కింటి సువర్చలనండీ. గోడ గురించి మాట్లాడాలి."

"కవచాలు పరీక్షించే ఉద్యోగం కదూ నీది? నాడీభవనం వాళ్లు పంపించారా?"

"లేదండి బాబూ. మా ఆయన గోడకి కన్నం పెట్టాడు. ఆ మాట వాళ్లకి తెలిస్తే ముందు మమ్మల్నే పట్టుకుంటారు."

ఆ ముఖంలో అనుమానం పోలేదు గానీ తలుపు కొంచెం జరిగింది. సువర్చల లోపలికి వెళ్లాక తలుపు మూసి, రాగివేళ్లన్నీ ఆనాయో లేదో చేత్తో తడిమి చూసుకుంది భ్రమరాంబ. ఇల్లంతా లేత రాగిరంగులో ఉంది. కప్పు మధ్యలో గంట ఉండాల్సిన చోట గుండ్రటి మచ్చ. పసిపిల్ల జాడ ఎక్కడా లేదు. ఉయ్యాల లేదు, పాలసీసా లేదు. వదులు చీరకట్టులో భ్రమరాంబ నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడిన తీరు చూశాక సువర్చలకు వెతకాల్సిన పని లేకపోయింది.

"మీకు ఎన్నో నెలండీ?" అంది.

భ్రమరాంబ గోడను పట్టుకుంది. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. కూర్చోండి ముందు."

"ఎవరికైనా చెప్పావా? నిజం చెప్పు. ఈ గదిలో గంట లేదు, నీ గుండె చూసి కనిపెట్టలేను. మాట మీద నమ్మాలి."

"మా ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు. ఆయనకు కూడా సగమే తెలుసు. మీరు ఎవరి పిల్లనో ఎత్తుకొచ్చారనుకుంటున్నాడు."

భ్రమరాంబ పెదవి చివర చిన్న కదలిక వచ్చింది. నవ్వుదామనుకుని మానేసినట్టుంది. కుర్చీలో కూర్చుని చాలాసేపు చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"మూడుసార్లు మోగిందమ్మా మా ఇంట్లో గంట," అంది. "మూడుసార్లూ శుభవార్త అంది. అందరూ స్వీట్లు పంచారు. మూడుసార్లూ ఆగింది. ఆగిన సంగతి కూడా అదే చెప్పింది, వలయంలో ఉన్నవాళ్లందరికీ. నా కడుపులో సంగతి నాకంటే ముందు మా ఆడపడుచుకి తెలిసింది. నేను కూరలు తరుగుతున్నాను, ఆవిడ ఏడుస్తూ ఫోన్ చేసింది. ఎందుకేడుస్తోందో నేనే అడగాల్సొచ్చింది."

సువర్చల ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మా అమ్మమ్మ అనేది, ఐదో నెల నిండేదాకా నోరు విప్పకూడదని. దిష్టి తగులుతుందని. చాదస్తం అనుకునేదాన్ని. అది దిష్టి కోసం కాదు తల్లీ. పోతే ఒక్కదాన్నే ఏడవడానికి. ఆ కాస్త చాటు కోసం." ఆవిడ రాగి గోడల వంక చూసింది. "అందుకే ఈసారి తెలిసీ తెలియగానే ఇక్కడికి వచ్చేశాం. గంట తీయించాను. ఆసుపత్రికి వెళ్లలేదు, అక్కడా గంటలే కదా. ఇప్పుడు ఐదో నెల. ఈపాటికి కదలాలట. నాకేమీ తెలియట్లేదు. ఉందో లేదో తెలీదు. పొద్దున లేస్తే ఉందనుకుంటా. సాయంత్రానికి లేదనుకుంటా. లోకానికి వినపడకూడదని కట్టుకున్న గోడ, నాకు కూడా వినపడకుండా చేసింది."

కవచగుడ్డల్ని ఇన్నాళ్లుగా పరీక్షిస్తున్న సువర్చల, ఎంత గట్టిగా ఆపుతుందనే తప్ప ఏమి ఆగిపోతుందని ఎన్నడూ అడగలేదు. పరీక్షపత్రాల్లో ఆ ప్రశ్నే లేదు.

"ఉందండీ," అంది.

భ్రమరాంబ తల ఎత్తింది.

"మీ మంచం తల మా గోడ వైపే కదా? మా ఆయన బిగించిన బోల్టు కొస సరిగ్గా దాని వెనకే ఉంది. మీ బిడ్డ గుండె దాన్ని పట్టుకుని మా ఇంట్లోకి వచ్చేసింది. నిన్న పొద్దున్నుంచి మోగుతోంది. మా గంట అది నాదనుకుంది. ఊరంతా నాకే శుభాకాంక్షలు చెబుతోంది."

"మీ ఇంట్లోనా? నిన్న ఆ కనకదుర్గమ్మ అంటుంటే విన్నాను... అది నా బిడ్డేనా?" ఆవిడ కుర్చీ అంచుకు జరిగింది. "ఎలా ఉంది?"

సువర్చల ముందుకు వంగి ఆవిడ ముంజేయి అందుకుని, దాని మీద రెండు వేళ్లతో టకటకటకా కొట్టి చూపించింది. పరుగెత్తే గుర్రప్పిల్లలా, తడబడకుండా, తెరిపి లేకుండా. "ఇలా ఉంది. చురుగ్గా ఉందని గంటే చెప్పింది."

"ఇంకాసేపు కొట్టు," అంది భ్రమరాంబ కళ్లు మూసుకుని.

సువర్చల వేళ్లు నొప్పి పుట్టేదాకా కొట్టింది. ఆవిడ కన్నీళ్లు చెంపల మీదుగా జారి ఆ చేతుల మీదే పడుతున్నాయి. నిన్నంతా తన ఇల్లంతా నిండిన సంతోషం ఎవరిదో, ఎక్కడికి చేరాలో ఇప్పుడు ఆమె కళ్లతో చూస్తోంది. తనకేమీ మిగలలేదని మాత్రం అనిపించలేదు.

తలుపు మీద బెరుగ్గా చప్పుడైంది. మురారి. ఎంతకీ రాకపోయేసరికి భయపడి, చేతిలో బల్ల అరగదీసే కాగితంతోనే వచ్చేశాడు. సంగతంతా విన్నాక గోడకు తల ఆనించి నిలబడ్డాడు. "నేను ఎంత మాటన్నానండీ మిమ్మల్ని," అన్నాడు.

"నా ముందు కాదుగా అన్నది," అంది భ్రమరాంబ. వెంటనే ఆవిడ ముఖం మళ్లీ వాడిపోయింది. "ఇప్పుడు ఆ బోల్టు తీసేస్తారు కదా."

మురారి, సువర్చల ఒకరినొకరు చూసుకున్నారు. తీసేస్తే గంటకు చిన్న గుండె వినిపించదు. ఆగిపోయిందనుకుంటుంది. వర్ధనమ్మకూ మిగిలిన వలయానికీ శోకవార్త పోతుంది. పొరపాటని చెబితే నాడీభవనం వాళ్లు కుక్కపిల్లలతో వచ్చి, ఆ గుండె ఎక్కడిదో గోడ వెంబడి వాసన పట్టుకుంటూ ఈ తలుపు దగ్గర తేలతారు.

"తియ్యం," అంది సువర్చల.

"తియ్యమా?" అన్నాడు మురారి.

"కట్టే ఇంటికి దిష్టిబొమ్మ కడతారు కదండీ, చూసే కళ్లన్నీ దాని మీదే పడాలని. నేను ఈవిడకి దిష్టిబొమ్మని. ఎవరి కళ్లు పడినా మన ఇంటి మీదే పడతాయి. ఇక్కడ కడుపే లేదు, ఆ దిష్టి ఏం చేస్తుంది?"

"మరి నెలలు నిండితే?"

"ఏడో నెల రాగానే నా నోటితో నేనే చెప్పుకుంటాను," అంది భ్రమరాంబ. మూడుసార్లూ తనకు దొరకని మాట అది. అందుకే కాబోలు, నెమ్మదిగా, రుచి చూస్తున్నట్టు అంది. "నా బిడ్డ సంగతి నేనే చెబుతాను. ఈసారి మా ఆడపడుచుకి నేనే ఫోన్ చేస్తాను. అందాకా నువ్వు రోజూ వచ్చి... ఎలా ఉందో..."

"పొద్దున కాఫీతో ఒకసారి, సాయంత్రం ఒకసారి. మీ చెయ్యి వాచిపోయేలా కొడతాను."

"ఆ రోజున కవచభంగం నేనే ఒప్పుకుంటాను," అన్నాడు మురారి. "జరిమానా ఎంతైనా పడనీ."

"ఆ సంగతి అప్పుడు చూద్దాం. రేపటి సంగతి చూడండి ముందు." సువర్చల లేచి పడకగది గుమ్మంలో నిలబడి మంచం ఎక్కడుందో, బోల్టు కొస ఎక్కడికి వస్తుందో కంటితోనే కొలుచుకుంది. "తొమ్మిదింటికి అమ్మ దిగుతుంది. చలిమిడి చేసి తెస్తానంది. ఆవిడని తిన్నగా ఇక్కడికే తీసుకొస్తాను, చలిమిడితో సహా. నిజం ఇక్కడే చెబుతాను, ఈ గదిలో చెప్పిన మాట బయటికి పోదు. కాసేపు ఏడుస్తుంది, తర్వాత మీకేం తినాలనుందో అడుగుతుంది. పది గంటలకి నాడీభవనం ఆయన వస్తాడు. ఏవండీ, మీరు ఆయనకి కాఫీ ఇచ్చి, ఎండల గురించి మాట్లాడండి. క్రేను గురించి మాత్రం ఎత్తకండి, మీకు అబద్ధాలు రావు. నేను మా గోడకి ఆనుకుని కూర్చుంటాను. భ్రమరాంబ గారూ, మీరు అటువైపు మంచం మీద గోడకి ఆనుకోండి. ఆయన ముద్ర వేసి మెట్లు దిగేదాకా ఇద్దరం కదలొద్దు."

"సరిగ్గా పదింటికి ఆనుకుంటాను," అంది భ్రమరాంబ.

"తొమ్మిదిన్నరకే ఆనుకోండి. అలాంటివాళ్లు ముందే వచ్చినా వస్తారు."